మీకు తెలుసా? పొడుగాటి లిస్టుల్లో దారి తప్పకుండా ఉండే కిటుకులు

హోల్‌సేల్ కిరాణా కొట్టు నుంచి రైసుమిల్లు దాకా, ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ నుంచి కాలేజీ ఫీజుల విభాగం దాకా లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్ లిస్టులే. పార్టీల లిస్టు, సరుకుల లిస్టు, బాకీల లిస్టు. వందల్లో మొదలై చూస్తుండగానే వేలకు, లక్షలకు చేరతాయి. అంత పొడుగు లిస్టులో ఒక్క పేరు కోసం మౌస్ చక్రం తిప్పుతూ కళ్లు కాయలు కాసేలా వెతికేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. లిస్టును ఏ వరసలో పెట్టామన్నదాన్ని బట్టే మన కంటికి ఏది ముందు పడాలో, ఏది అడుగున ఉండిపోవాలో తేలిపోతుంది. కాబట్టి సార్టింగ్ అలవాటు కొద్దీ నొక్కే బటన్ కాకూడదు, తెలిసి చేయాల్సిన పని. ఆ తెలివికి పనికొచ్చే సంగతులు కొన్ని ఇవి.

1. ఎక్సెల్ షీటుకూ ఒక అడుగు ఉంది

ఎక్సెల్ షీటులో సరిగ్గా 10,48,576 వరసలు, 16,384 కాలమ్‌లు ఉంటాయి. 2007 వెర్షన్‌తో వచ్చిన పరిమితి ఇది. అంతకుముందు వాడిన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలో 65,536 వరసలే పట్టేవి. ఈ తేడా వల్ల 2020లో ఇంగ్లండ్‌లో పెద్ద ఉపద్రవమే జరిగింది. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ కరోనా పరీక్షల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి ఎక్కిస్తుంటే, వరసలు నిండిపోయాక మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను హెచ్చరించే పని కూడా అన్నాళ్లు ఆలస్యమైంది.

మన ఆఫీసుల్లో ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్ల నుంచి దిగే రిపోర్టులు చాలావరకు ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లే. పెద్ద లిస్టు ఏది తెరిచినా ముందు చివరి వరస నంబరు చూడండి. అది 65,536 దగ్గర ఆగి ఉంటే లిస్టు తెగిపోయిందేమోనని అనుమానించాల్సిందే.

2. పది లక్షల్లో ఒకదాన్ని పట్టడానికి ఇరవై చూపులు చాలు

నిఘంటువులో మాట వెతికేటప్పుడు మధ్యకు తెరుస్తాం. కావలసింది ముందుందో వెనకుందో చూసుకుని, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తాం. కంప్యూటర్ చేసే బైనరీ సెర్చ్ కూడా ఇంతే. ఎక్సెల్‌లోని 10,48,576 అనే అంకె రెండును ఇరవైసార్లు హెచ్చిస్తే వచ్చేది. అంటే షీటు మొత్తం నిండి ఉన్నా, వరసలో ఉంటే చాలు, ఇరవై ఇరవై ఒక్క చూపుల్లో ఏ విలువైనా దొరుకుతుంది. వరసలో లేకపోతే ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి.

ఇందులో ఒక గొయ్యి కూడా ఉంది. సరుకు కోడ్‌ను బట్టి రేటు వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములాలో నాలుగో విలువ ఇవ్వకుండా వదిలేస్తే, లిస్టు చిన్న నుంచి పెద్దకు వరసగానే ఉందని ఎక్సెల్ అనుకుంటుంది. లిస్టు కలగాపులగంగా ఉంటే ఒక్కోసారి ఎర్రర్ కూడా చూపకుండా తప్పుడు రేటు తెచ్చి పెడుతుంది. ఆ రేటుతోనే బిల్లు వెళ్లిపోతుంది. సరిగ్గా అదే కోడ్ కావాలనుకుంటే నాలుగో చోట ఫాల్స్ అని రాయడం మరవకండి.

3. పేరు కదిలి, బాకీ కదలకపోతే?

లిస్టులన్నిటికీ జరిగే ప్రమాదాల్లో ఘోరమైనది ఇదే. పేర్లు ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వరసల చిన్న లిస్టు అనుకోండి. వెంకట్రావు గారు 84,500, సుజాత గారు 12,000, అనసూయమ్మ గారు 2,150, మస్తాన్ గారు 31,700. పేర్లున్న కాలమ్‌ను మాత్రమే సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కితే ఎక్సెల్ ఒక ప్రశ్న అడుగుతుంది: పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటావా, సెలెక్ట్ చేసిన దానితోనే సరిపెట్టమంటావా అని. తొందరలో రెండోది నొక్కారో, పేర్లు మాత్రమే కదులుతాయి. అనసూయమ్మ గారు పైకి వెళ్లి 84,500 పక్కన కూర్చుంటారు. మస్తాన్ గారి పేరుకు 12,000 తగులుతుంది. వెంకట్రావు గారు కిందికి దిగి 31,700తో తేలిపోతారు. కింద మొత్తం మాత్రం 1,30,350గానే ఉంటుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫైలు సేవ్ చేసి మూసేశాక అన్‌డూ చేసి వెనక్కి తెచ్చే దారి లేదు.

దీనికి విరుగుడు రెండు ముక్కల్లో ఉంది. ఒకటి, సార్ట్ చేసే ముందు కాలమ్‌ను సెలెక్ట్ చేయకండి, లిస్టులో ఏదో ఒక సెల్ మీద నిలబడితే చాలు. రెండు, ప్రతి లిస్టుకూ మొదట్లో ఒక సీరియల్ నంబర్ కాలమ్ పెట్టండి. ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా తిప్పినా, ఆ కాలమ్ మీద సార్ట్ చేస్తే మొదటి వరస తిరిగి వస్తుంది.

4. రెండు కంటే పది ముందు రావచ్చు

అంకెలు టెక్స్ట్‌గా నమోదై ఉంటే 1, 10, 100, 2, 20 అన్న వరసలో వస్తాయి. అక్షరాల్లాగే మొదటి గుర్తును చూసి పేర్చడమే కారణం. ఇన్‌వాయిస్ నంబర్లను 1, 2, 3 అని కాకుండా 0001, 0002 అని ఇవ్వడం ఇందుకే మంచిది. అన్నిటి పొడవూ సమానమైతే టెక్స్ట్‌గా పేర్చినా వరస చెడదు.

తేదీలకూ ఇదే గొడవ. ఎక్సెల్ దృష్టిలో తేదీ ఒక అంకె. 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని రోజులు లెక్కబెడుతుంది. 2024 ఏప్రిల్ 1 దానికి 45,383. ఇలా అంకెగా ఉన్నంతవరకు సార్టింగ్ నిక్కచ్చిగా ఉంటుంది. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన తేదీ టెక్స్ట్‌గా ఉంటే 01-04-2024 తర్వాత 01-05-2023, ఆ తర్వాత 02-01-2024 వస్తాయి. నెల, సంవత్సరం వెనక్కిపోయి రోజే ముందుగా వరసను శాసిస్తుంది. సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర రాసే 2024-04-01 పద్ధతికి ఈ బెడద లేదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 సిఫారసు చేసే పద్ధతి అదే. ఫైళ్ల పేర్లలో తేదీ ఇలా పెట్టుకుంటే ఫోల్డర్ దానంతట అదే తేదీల వారీగా సర్దుకుంటుంది.

ఇంకో జాగ్రత్త. ఎక్సెల్ 15 అంకెల వరకే నమ్మకంగా గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల నంబరు మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఖాతా నంబర్ల కాలమ్‌ను టైపు చేయడానికి ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టుకోవాలి.

5. ఖాళీ సెల్‌లు ఎప్పుడూ అడుక్కే చేరతాయి

చిన్న నుంచి పెద్దకు పెట్టినా, పెద్ద నుంచి చిన్నకు పెట్టినా ఎక్సెల్‌లో ఖాళీ సెల్‌లు చివర్లోనే ఉంటాయి. ఫోన్ నంబరు లేని పార్టీలు, గడువు తేదీ వేయని బిల్లులు, రేటు ఎక్కించని సరుకులు అన్నీ ఆ అడుగునే ఉంటాయి. సార్ట్ చేసిన తర్వాత పైన పది వరసలు చూసే అలవాటు అందరికీ ఉంది. కింద పది వరసలు చూసే అలవాటు ఉన్నవాళ్లకే లెక్కలోని లోపాలు దొరుకుతాయి.

లిస్టు మధ్యలో ఒక వరస మొత్తం ఖాళీగా ఉంటే లిస్టు అక్కడితో అయిపోయిందని ఎక్సెల్ అనుకుంటుంది. పై ముక్క వరసలోకి వస్తుంది, కింది ముక్క ఉన్నచోటే ఉంటుంది. లిస్టు మొత్తాన్ని సెలెక్ట్ చేసి, కంట్రోల్+టి నొక్కి టేబుల్‌గా మార్చుకుంటే ఈ చిక్కు ఉండదు. హెడ్డింగులు ఎక్కడికీ పోవు, కొత్త ఎంట్రీలు వాటంతట అవే కలుస్తాయి. మర్జ్ చేసిన సెల్‌లున్న లిస్టయితే చాలాసార్లు సార్ట్ కానే కాదు. అందం కోసం చేసే మర్జింగ్‌ను ప్రింటు తీసే షీటుకే పరిమితం చేయండి.

6. ఒకే మనిషి మూడు చోట్ల ఉండొచ్చు

మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. బిల్లు రాసేవాళ్లు మారితే పద్ధతి మారుతుంది. కె. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వర్లు కె, కొత్తపల్లి వెంకటేశ్వర్లు అని ఒక్కరినే మూడుసార్లు నమోదు చేసిన లిస్టులు కోకొల్లలు. ఎ నుంచి జెడ్ వరకు పేర్చినా ఆ ముగ్గురూ పక్కపక్కకు రారు. మూడు ఖాతాల్లో మూడు చిన్న బాకీలుగా కనిపించేది నిజానికి ఒకే పెద్ద బాకీ కావచ్చు.

పేరు ముందు కంటికి కనిపించని స్పేస్ ఉన్నా ఆ పేరు లిస్టు నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. ట్రిమ్ ఫార్ములా మామూలు స్పేస్‌లను తీసేస్తుంది. వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే మరో రకం స్పేస్ దానికి లొంగదు, సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో దాన్ని విడిగా తీయాలి. డూప్లికేట్లను పట్టాలంటే పేరు మీద కాకుండా ఫోన్ నంబరు మీదో, పాన్ మీదో సార్ట్ చేయండి. ఒకే మనిషి ఎన్ని పేర్లతో ఉన్నా పక్కపక్కన వచ్చి నిలబడతారు.

7. జీఎస్టీ నంబరును సార్ట్ చేస్తే రాష్ట్రాలు విడివిడిగా వస్తాయి

జీఎస్టీ నంబరులో 15 గుర్తులు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: మహారాష్ట్ర 27, కర్ణాటక 29, తమిళనాడు 33, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. ఆ తర్వాతి పది గుర్తులు పాన్. కాబట్టి సేల్స్ రిజిస్టర్‌ను జీఎస్టీ నంబరు మీద సార్ట్ చేస్తే చాలు, పార్టీలు రాష్ట్రాల వారీగా గుంపులు కడతాయి. విజయవాడ వ్యాపారికి సాధారణంగా 37తో మొదలయ్యే పార్టీల బిల్లుల్లో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఉండాలి, మిగతా రాష్ట్రాల బిల్లుల్లో ఐజీఎస్టీ ఉండాలి. 36 గుంపులో ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లు ఒకటుంటే రిటర్న్ వేయడానికి ముందే కంట్లో పడుతుంది.

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ శాఖలున్న సంస్థకు రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి, పాన్ ఒకటే. మూడో గుర్తు నుంచి పది గుర్తులను మిడ్ ఫార్ములాతో వేరే కాలమ్‌లోకి తీసి దాని మీద సార్ట్ చేస్తే, ఆ సంస్థ మొత్తం మనకు ఎంత ఇవ్వాలో ఒక్కచోట తేలుతుంది.

పిన్ కోడ్ గుణమూ ఇదే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతిలో మొదటి అంకె దేశంలో ఏ జోనో చెబుతుంది. 50తో మొదలయ్యేవి తెలంగాణవి, 51 నుంచి 53 వరకు దాదాపు అన్నీ ఆంధ్రప్రదేశ్‌వి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లో కొన్నిటికి మాత్రం 507తో మొదలయ్యే పాత పిన్ కోడే ఉంది. డెలివరీ లిస్టును పిన్ కోడ్ మీద సార్ట్ చేస్తే బండి ఒక వైపు ఊళ్లన్నీ తిరిగి వచ్చేలా రూటు సగం తయారైపోతుంది.

8. కళావతి ముందా, కవిత ముందా?

బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ళ అక్షరం హ తర్వాత వస్తుంది. ఆ లెక్కన కవిత ముందు, కళావతి తర్వాత. కంప్యూటర్లు తెలుగును దాచుకునే యూనికోడ్ పట్టికలో ళ అక్షరం ల పక్కనే, వ కంటే ముందే ఉంటుంది. ఱ కూడా ర పక్కనే ఉంటుంది. ఆ కోడ్ నంబర్ల ప్రకారమే పేర్చే సాఫ్ట్‌వేర్‌లో కళావతి ముందుకొస్తుంది. కోడ్ నంబర్ల వరస వేరు, భాషలో అక్షర క్రమం వేరు అని యూనికోడ్ సంస్థే స్పష్టంగా చెప్పి, పేర్చే పద్ధతికి విడిగా ఒక ప్రమాణం ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు దాన్ని పట్టించుకుంటేనే ఆ ఫలితం మనదాకా వస్తుంది. తెలుగులో టైపు చేసిన లబ్ధిదారుల లిస్టో, విద్యార్థుల లిస్టో చేతిలో ఉంటే, పేరు ఉండాల్సిన చోట లేదని మనిషిని వెనక్కి పంపేయకండి. కంట్రోల్+ఎఫ్ కొట్టి ఒకసారి వెతకండి.

9. కార్డుల కాలం నాటి కిటుకు ఇప్పటికీ పనిచేస్తుంది

కంప్యూటర్లు రాకముందు లెక్కలు చిల్లులు పొడిచిన కార్డుల మీద ఉండేవి. 1890 అమెరికా జనాభా లెక్కల కోసం హెర్మన్ హాలరిత్ కనిపెట్టిన యంత్రాలతో ఇది మొదలైంది. 1925లో వచ్చిన ఐబీఎం సార్టర్ నిమిషానికి 450 కార్డులను వేరుచేసేది. ఐదంకెల నంబర్ల ప్రకారం కార్డులను పేర్చాలంటే ముందు ఒకట్ల స్థానం మీద, తర్వాత పదుల స్థానం మీద, ఇలా కుడి నుంచి ఎడమకు ఐదుసార్లు యంత్రంలో నడిపేవారు. తర్వాతి విడత ముందు విడత వరసను చెదరగొట్టదు కాబట్టి చివరికి అన్నీ సర్దుకునేవి.

ఎక్సెల్ సార్టింగ్‌కూ ఆ గుణం ఉంది. జిల్లా వారీగా, జిల్లాలో ఊరి వారీగా, ఊళ్లో బాకీ పెద్దది ముందు వచ్చేలా కావాలంటే, ముందు బాకీ మీద, తర్వాత ఊరి మీద, చివర్లో జిల్లా మీద సార్ట్ చేయండి. 2003 వెర్షన్ దాకా ఒకేసారి మూడు కాలమ్‌ల మీదే సార్ట్ చేయగలిగేవాళ్లు కాబట్టి అప్పటి అకౌంటెంట్లకు ఈ పద్ధతే దిక్కు. ఇప్పుడు సార్ట్ పెట్టెలో 64 అంచెల దాకా ఇవ్వవచ్చు.

10. క్విక్‌సార్ట్ ఒక నిఘంటువు కోసం పుట్టింది

1959లో బ్రిటన్ విద్యార్థి టోనీ హోర్ మాస్కో విశ్వవిద్యాలయంలో యంత్రానువాదం మీద పనిచేస్తున్నాడు. నిఘంటువు టేపు మీద అక్షర క్రమంలో ఉండేది. వాక్యంలోని మాటలను కూడా ముందే అక్షర క్రమంలో పేరిస్తే టేపును ఒక్కసారి తిప్పి అన్నిటికీ అర్థాలు తీయవచ్చు. అందుకోసం వేగంగా పేర్చే దారి వెతుకుతుంటే తట్టిందే క్విక్‌సార్ట్. 1961లో అచ్చయింది. ఎన్నో సాఫ్ట్‌వేర్ల లోపల దాని రూపాంతరాలు ఈనాటికీ పనిచేస్తున్నాయి.

11. ఫిల్టర్ దాచినవాటిని కూడా సమ్ కలిపేస్తుంది

గుంటూరు పార్టీలను మాత్రమే ఫిల్టర్ చేసి కింద సమ్ ఫార్ములా చూస్తే, అందులో కనపడని ఊళ్ల బాకీలు కూడా కలిసి ఉంటాయి. సబ్‌టోటల్ ఫార్ములాలో 9 ఇచ్చి వాడితే ఫిల్టర్‌లో కనిపిస్తున్నవే కూడుతుంది. ఆ మొత్తాన్ని లిస్టుకు పైన పెట్టుకోండి. కింద పెడితే ఎప్పుడో ఒకసారి సార్టింగ్‌లో చిక్కుకుని అందరికంటే పెద్ద బాకీదారుగా మొదటి వరసకు ఎక్కుతుంది. ఫిల్టర్ బాణం నొక్కినప్పుడు వచ్చే లిస్టులో మొదటి 10,000 వేర్వేరు విలువలే కనిపిస్తాయి. పేరు అక్కడ లేనంత మాత్రాన షీటులో లేదని అనుకోకండి, పైనున్న సెర్చ్ పెట్టెలో టైపు చేయండి.

12. మౌస్ ముట్టకుండా లక్ష వరసలు దాటవచ్చు

- కంట్రోల్+కింది బాణం: కాలమ్‌లో డేటా చివరికి. మధ్యలో ఆగితే అక్కడ ఖాళీ సెల్ ఉందన్నమాట.
- కంట్రోల్+బ్యాక్‌స్పేస్: ఎంత దూరం స్క్రోల్ చేసినా, మీరు ఉన్న సెల్ మళ్లీ తెర మీదికి వస్తుంది.
- ఎఫ్5: సెల్ అడ్రసు టైపు చేసి ఎంటర్ కొడితే నేరుగా అక్కడికి.
- కంట్రోల్+షిఫ్ట్+ఎల్: ఫిల్టర్ పెట్టడానికీ, తీయడానికీ.
- ఆల్ట్+కింది బాణం: హెడ్డింగ్ మీద నిలబడి నొక్కితే ఫిల్టర్ లిస్టు తెరుచుకుంటుంది.
- ఆల్ట్+సెమీకోలన్: సెలెక్ట్ చేసిన దానిలో కనిపిస్తున్న వరసలే మిగులుతాయి. ఫిల్టర్ చేసినవాటిని కాపీ చేసే ముందు దీన్ని నొక్కండి.

13. టాలీలో దారి తెలియకపోయినా గమ్యం చేరవచ్చు

బెంగళూరులో 1986లో మొదలైన టాలీ సంస్థ సాఫ్ట్‌వేర్ మన అకౌంటెంట్లకు కొట్టిన పిండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్+జి నొక్కి కావలసిన రిపోర్టు పేరు టైపు చేస్తే, మెనూలన్నీ దాటుకుంటూ పోనక్కర్లేదు. సగంలో ఉన్న వోచర్‌ను వదలకుండానే పార్టీ లెడ్జర్ చూసి రావచ్చు. ప్రతి లెడ్జర్‌కూ ఏలియాస్ అనే మారుపేరు ఇచ్చుకోవచ్చని చాలామంది గమనించరు. పార్టీ ఫోన్ నంబరునో, ఊరి పేరునో ఏలియాస్‌గా పెడితే దానితో వెతికినా లెడ్జర్ దొరుకుతుంది. గ్రూప్ సమ్మరీలో ఎఫ్12 నొక్కి సార్టింగ్ పద్ధతిని పేర్ల నుంచి మొత్తాలకు మార్చండి. అక్షర క్రమంలో ఎక్కడో ఉన్న పెద్ద బాకీ పైకి తేలుతుంది.

14. ఒకే షీటును ఇద్దరు రెండు వరసల్లో చూడవచ్చు

గూగుల్ షీట్స్‌లో ఒకరు సార్ట్ చేస్తే అదే షీటులో పనిచేస్తున్న అందరి తెర మీదా వరసలు కదిలిపోతాయి. ఫిల్టర్ వ్యూ పెట్టుకుంటే ఎవరి వరస వాళ్లది, రెండోవాళ్ల పనికి అడ్డురాదు. దానికి ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు కూడా. ఆన్‌లైన్‌లో కలిసి పనిచేసే ఎక్సెల్ ఫైళ్లలో షీట్ వ్యూ ఇదే పని చేస్తుంది.

15. తేదీ వారీగా సార్ట్ చేయకపోతే పన్ను పెరగవచ్చు

సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకో సేవో తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నప్పుడు అందులో రాసుకున్న గడువులో డబ్బు కట్టాలి. ఆ గడువు కూడా 45 రోజులు మించకూడదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెప్పిన మాట ఇది. గడువు దాటి కట్టిన మొత్తాన్ని, నిజంగా కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలని 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నులో నిబంధన తెచ్చింది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. మార్చి 31 నాటికి గడువు దాటి నిలిచిపోయిన బిల్లులు ఆ ఏడాది ఖర్చులోకి రావు, అంత మేరకు పన్ను పడుతుంది.

చెల్లింపుల లిస్టు చాలా ఆఫీసుల్లో పెద్ద మొత్తం ముందు వచ్చేలా ఉంటుంది. వెల్డింగ్ షెడ్డు నడిపేవారి 6,000 బిల్లు, ప్రింటింగ్ ప్రెస్ వారి 3,500 బిల్లు ఆ వరసలో ఎప్పుడూ అడుగునే ఉంటాయి. కట్టకూడదని ఎవరూ అనుకోరు, వాటిదాకా ఎవరి చూపూ వెళ్లదంతే. ఆ లిస్టునే బిల్లు తేదీ మీద, పాతది ముందు వచ్చేలా తిప్పితే ఆ చిన్నవాళ్లే పైవరసలో ఉంటారు. ఇచ్చేవాళ్లకు పన్ను మిగులుతుంది, పుచ్చుకునేవాళ్లకు నెల గడుస్తుంది. ఈ నెలాఖరు చెల్లింపులకు ముందు మీ లిస్టుకు సీరియల్ కాలమ్ చేర్చి, ఒక్కసారి పాత బిల్లులను పైకి తెచ్చి చూడండి. మొదటి పది పేర్లకు ఆ రోజే చెక్కులు రాయండి.